వేలి చివరి చుక్కలో డి విటమిన్

గత నెలలో ఒక ఆదివారం మా అపార్ట్‌మెంట్ సెల్లారులో ఆరోగ్య శిబిరం పెట్టారు. బీపీ, షుగరుతో పాటు ఒక్క చుక్క రక్తంతో డి విటమిన్ కూడా అక్కడికక్కడే చూస్తామని కరపత్రంలో ఉండటంతో, మా ఇంట్లో ఉంటున్న పెద్దమ్మ కాఫీ తాగి అందరికన్నా ముందు వెళ్లి కూర్చుంది. పద్దెనిమిదేళ్లుగా ల్యాబ్ టెక్నీషియన్‌గా రక్తం తీయడమే పనిగా బతుకుతున్న నేను కూడా కుతూహలం కొద్దీ వెంట వెళ్లాను.

పెద్దమ్మ వేళ్లు కలుపు తీసి, చేట చెరిగి కాయలు కాచినవి. సూది గుచ్చగానే రక్తం రాకపోవడంతో ఆ కుర్రవాడు వేలిని మొదటి కణుపు నుంచి చివరి దాకా నిమ్మకాయ పిండినట్టు పిండాడు. వచ్చిన తొలి చుక్కలోనే మందు కలిపి, స్ట్రిప్పు మీద వేసి, పక్కన పెట్టి తరువాతి వారిని పిలిచాడు. జనం ఎక్కువగా ఉన్నారు. అతను తిరిగి ఆ స్ట్రిప్పు వైపు చూసేసరికి దాదాపు అరగంట గడిచింది. గీత రంగును ఒక అట్ట మీది రంగులతో పోల్చి, '20 కన్నా తక్కువ', అంటే లోపం ఉందని చీటీ రాసి, వారానికొకటి చొప్పున తాగమని ఎనిమిది డి విటమిన్ సాచెట్లు ఇచ్చి డబ్బు తీసుకున్నాడు. పక్కనే ఉండి కూడా నేను నోరు మెదపలేదు. అది నా తప్పే.

లిఫ్టులో పెద్దమ్మ నిలదీసింది: "పుట్టిన దగ్గర్నుంచీ పొలం గట్ల మీద బతికినదాన్ని, నాకు ఎండ తక్కువైందంటాడేంటే?"

ఆ ప్రశ్న అమాయకమైనదేమీ కాదు. తిరుపతిలో డాక్టర్ సి.వి. హరినారాయణ్ బృందం ఆరోగ్యంగా ఉన్న పట్టణవాసులనూ పల్లెవాసులనూ పరీక్షించి 2007లో ప్రచురించిన పరిశోధనలో, ఎండలో పనిచేసే పల్లె ప్రజలలోనూ డి విటమిన్ తక్కువగా ఉన్నవారు కనిపించారు. ఆహారంలో కాల్షియం తక్కువ కావడం, కాల్షియంను ఒంటబట్టనివ్వని, ధాన్యాలలో ఉండే ఫైటేట్ అనే పదార్థం ఎక్కువ కావడం కూడా అందులో చర్చకు వచ్చాయి. కనుక ఆవిడకు లోపం ఉండే అవకాశం లేకపోలేదు. నా అనుమానమంతా ఆ అరగంట మీద, ఆ పిండిన వేలి మీద.

షుగరు చూసే గ్లూకోమీటరుకు అలవాటు పడిన మనకు ఇదీ అలాంటిదే అనిపించడం సహజం. అయితే డెసిలీటరుకు 100 మిల్లీగ్రాముల షుగరు అంటే మిల్లీలీటరుకు పది లక్షల నానోగ్రాములు, డి విటమిన్ విషయంలో మనం వెతికేది మిల్లీలీటరుకు 20 నానోగ్రాములు, అంటే యాభై వేల రెట్లు తక్కువ. పైగా అది రక్తంలో విడిగా తిరగదు. అత్యధిక భాగం తనకంటూ ఉన్న ఒక వాహక ప్రొటీనును, మిగిలినదానిలో చాలావరకు ఆల్బుమిన్ అనే మరో ప్రొటీనును అంటిపెట్టుకుని ఉంటుంది. ముందుగా ఆ పట్టు విడిపించాలి. స్ట్రిప్పు మీద వేసే ముందు కలిపే మందు చేసే ముఖ్యమైన పని అదే, ఈ పరీక్షను కిట్‌గా తయారుచేయడంలోని కష్టమూ అక్కడే ఉంది. అన్నట్టు, ఇక్కడ కొలిచేది ఎముకల కోసం పనిచేసే చురుకైన రూపాన్ని కాదు. అది కొన్ని గంటల్లోనే తరిగిపోతుంది. కాలేయంలో తయారై వారాల తరబడి రక్తంలో నిలిచే 25-హైడ్రాక్సీ రూపాన్నే శరీరంలోని నిల్వకు గుర్తుగా చూస్తారు.

ఇక గీత సంగతి. ప్రెగ్నెన్సీ కిట్‌లో గీత పడితే ఉన్నట్టు, పడకపోతే లేనట్టు. ఇందులో లెక్క తిరగబడుతుంది. స్ట్రిప్పులో డి విటమిన్‌ను పట్టుకునే రంగు పూసిన యాంటీబాడీలను ఆర్టీసీ బస్సులో సీట్లనుకుంటే, మన రక్తంలోని డి విటమిన్ కిటికీలోంచి తువ్వాలు వేసి ముందే సీట్లు పట్టేస్తుంది. ఖాళీగా మిగిలిన యాంటీబాడీలు మాత్రమే ముందుకు సాగి గీత దగ్గర అతుక్కుని రంగు చూపిస్తాయి. అందువల్ల విటమిన్ ఎక్కువ ఉంటే గీత లేతగా, తక్కువ ఉంటే ముదురుగా కనిపిస్తుంది. చెప్పిన సమయం దాటాక కూడా రంగు ముదురుతూనే ఉంటే, ఆలస్యంగా చూసినవాడికి లోపం లేని మనిషిలోనూ లోపం కనబడుతుంది. అందుకే కిట్ కాగితంలో ఎన్ని నిమిషాలకు చూడాలో రాసి ఉంటుంది. వేలిని పిండడం వల్ల జరిగేదీ అదే వైపు మొగ్గుతుంది: కండలోని నీరు రక్తంలో కలిసి చుక్క పలచబడుతుంది. తొలి చుక్కను తుడిచేసి రెండో చుక్క తీసుకోవాలని, స్పిరిట్ ఆరాకనే గుచ్చాలని, చేయి చల్లగా ఉంటే గోరువెచ్చని నీటితో కడిగించాలని మాకు చదువుకునే రోజుల్లోనే నేర్పిస్తారు.

దీనికి ఎదురు దిశలో లాగే కారణం ఒకటుంది, అది మన ఆడవాళ్లకు ప్రత్యేకంగా వర్తిస్తుంది. డి విటమిన్ ఉండేది ఎర్రకణాల్లో కాదు, రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మాలో. ఇరవై మైక్రోలీటర్ల చుక్కలో కణాల వంతు 40 శాతమైతే ప్లాస్మా 12 మైక్రోలీటర్లు. రక్తహీనతతో కణాల వంతు 28 శాతానికి పడిపోతే ప్లాస్మా 14.4 అవుతుంది. కిట్ అందరికీ 40 శాతమే అనుకుని లెక్క కడితే, నిజంగా 17 ఉన్న స్త్రీకి 20కి పైగా చూపిస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21లో దేశంలోని 15–49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది కనుక, దీన్ని అరుదైన సంగతిగా తీసిపారేయలేం.

మర్నాడు పెద్దమ్మను మా ల్యాబ్‌కు తీసుకువెళ్లి, మోచేతి మడతలో నరం చూసి రక్తం తీసి, సీరమ్ వేరుచేసి యంత్రంలో పెట్టాను. 23 వచ్చింది. శిబిరం కుర్రవాడిది తప్పు, నాది ఒప్పు అని ఎగరడానికి అది చాలదు. ఒకే రక్తానికి రెండు కంపెనీల యంత్రాలు పది శాతం పైగా తేడా చూపడం మా వృత్తిలో అందరికీ తెలిసినదే. ఆ తేడాలను కనిపెట్టడానికే బ్రిటన్ నుంచి 'డెక్వాస్' అనే పథకం 1989 నుంచి ల్యాబులకు ఒకే నమూనాలను పంపి ఫలితాలను పోల్చి చూస్తోంది. గీటురాయి మీదా ఏకాభిప్రాయం లేదు. 20 ఉంటే చాలని కొందరు, 30 ఉండాలని కొందరు చాలాకాలం వాదించుకున్నారు. 30 అన్న అమెరికా హార్మోన్ల నిపుణుల సంఘం ఎండోక్రైన్ సొసైటీయే 2024లో ఆ అంకెలను పక్కన పెట్టి, ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు మామూలుగా ఈ పరీక్ష చేయవద్దని సూచించింది.

అలాగని వేలి పరీక్షను కొట్టిపారేయను. 2014లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ ఎరిక్సన్, సౌరభ్ మెహతాల బృందం ఇలాంటి స్ట్రిప్పు రంగును స్మార్ట్‌ఫోను కెమెరాతో చదివి అంకెగా మార్చే పద్ధతిని ప్రచురించింది. కంటికి బదులు కెమెరా చదివితే, సమయాన్ని కూడా పరికరమే పాటిస్తే నేను చెప్పిన తప్పుల్లో సగం తగ్గుతాయి. రక్తాన్ని గిరగిరా తిప్పి సీరమ్ వేరుచేసే సెంట్రిఫ్యూజ్ లేని ఊళ్లో, కాళ్లు వంకరపోతున్న బిడ్డకు మిల్లీలీటరుకు ఐదో ఆరో నానోగ్రాములే ఉన్నాయా అన్న ప్రశ్నకు అది నమ్మదగిన సూచన ఇవ్వగలదు. 18కీ 22కీ మధ్య తేడా చెప్పమని అడగడమే దానికి అన్యాయం. ఆ తేడా మీద ఆధారపడి సాచెట్లు అమ్మడం ఇంకా అన్యాయం.

ఒక్కో సాచెట్‌లో 60,000 యూనిట్లు ఉంటాయి. వారానికొకటి అన్నదాన్ని రోజుకొకటిగా అర్థం చేసుకుని నెలల తరబడి తాగితే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, విపరీతమైన దాహం, మలబద్ధకం మొదలై కిడ్నీల దాకా వెళ్తుంది. మా డాక్టరుగారు రిపోర్టు చూసి, పెద్దమ్మకు ఇప్పట్లో అవేమీ అక్కర్లేదన్నారు. డబ్బులు పోసి కొన్నవి పారేయడానికి ఆవిడ ఒప్పుకోలేదు. ఎనిమిదీ ఇప్పుడు దేవుడి గూట్లో కర్పూరం డబ్బా పక్కన ఉన్నాయి. ఒక్కోదాని మీద 'నన్ను అడగకుండా తాగవద్దు' అని మార్కరుతో రాసిపెట్టాను.