అటక మీది జాకెట్లు

పొద్దున్నే మబ్బు పట్టింది. కింది వాటాలో స్టూలు జరిపిన చప్పుడు వినగానే అర్థమైంది, పిన్నిగారు బట్టల మూటలు అటకెక్కిస్తున్నారు. 2024 సెప్టెంబర్ 1 వరద తర్వాత మా విజయవాడ సింగ్‌నగర్‌లో ఇది మామూలే. నాలుగు చినుకులు పడితే బైకులు ఫ్లైఓవర్ దారి పడతాయి, ఫోన్లన్నీ చార్జింగ్‌లో ఉంటాయి.

చీరకి ఫాల్ వేయించాలని దిగాను.

"ఈ మాత్రం వానకేనా పిన్నిగారూ?"

"ఆ రోజు పొద్దున ఈ మాత్రం కూడా లేదుగా అమ్మా."

నిజమే. ముందురోజంతా కుండపోత. ఆదివారానికి తెరిపిచ్చిందని ఊపిరి పీల్చుకున్నాం. అప్పుడొచ్చింది బుడమేరు వాగు, వీధి చివర నుంచి, చడీచప్పుడు లేకుండా. దాని వరదని కృష్ణలోకి మళ్లించే కాలువకి గండ్లు పడ్డాయి. కృష్ణ ఖాళీగా ఉందా అంటే అదీ లేదు, ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది.

పిన్నిగారి కుటుంబం ఐదు రోజులు మా వాటాలోనే ఉంది. డ్రోన్లు అన్నం పొట్లాలు తెస్తుంటే పిల్లలకి తమాషా, మాకేమో అందరికీ సరిపోతాయా అని టెన్షన్. ఆవిడ మాత్రం మెట్ల దగ్గరే కూర్చునేవారు. శ్రావణమాసం పెళ్లిళ్ల పట్టు జాకెట్లు, మగ్గం వర్క్ చేయించి తెచ్చినవి, అన్నీ కిందే ఉండిపోయాయి మరి.

ప్రభుత్వం కింది ఇంటికి 25 వేలు, పై ఇంటికి 10 వేలు ఇచ్చింది. మా ఇంట్లో తడిసింది ఒక్క గుమ్మం పట్టా. ఆ 10 వేలు తలుచుకుంటే నాకిప్పటికీ మొహం చెల్లదు. ఆవిడ 25 వేలు మిషన్ మోటారుకి, స్టవ్వుకి, పరుపులకే అయిపోయాయి. నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లు ఫ్రిజ్ ఉందా, టీవీ ఉందా అని అడిగారు. ఊళ్లోవాళ్ల జాకెట్ ముక్కలు ఏ గడిలో రాయించాలి? ఒకావిడ "పోనీలెండి" అని వెళ్లిపోయింది. ఇంకొకావిడ పట్టుబట్టి చీర ఖరీదంతా రాబట్టుకుంది. అందుకు తెచ్చిన అప్పుకి ఈవిడ ఇంకా వారం వారం కడుతూనే ఉన్నారు.

మధ్యాహ్నం ట్యూషన్ పిల్లకి సైన్స్ చెబుతున్నా. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరి పట్టుకోగలదు. "అందుకేనా టీచర్, అంత వాన ఒక్కరోజే పడింది?" అంది. అదీ ఒక కారణమన్నాను. ఏరు పారాల్సిన చోట మన ఇళ్లున్నాయి, అదొకటి. కింది వాటా అద్దె వెయ్యి రూపాయలు తక్కువ, అందుకే వాళ్లు కిందున్నారు. ఇది మాత్రం ఆ పిల్లకి చెప్పలేదు.

సాయంత్రం ఎండ కాసింది. మూటలు దిగాయి. చీర ఇద్దామని మళ్లీ వెళ్తే పిన్నిగారు తీసుకోలేదు.

"పైన నీ దగ్గరే ఉంచమ్మా. కుట్టే రోజు నేనే అడుగుతాలే."