పటిక బెల్లం గ్లాసు, గేట్‌లో డిఫ్యూజన్ లెక్కలు

మాది కందుకూరు. కెమికల్ ఇంజనీరింగ్‌లో గేట్ రెండుసార్లు రాశా. మొదటిసారి మాస్ ట్రాన్స్‌ఫర్ (పదార్థం ఒకచోటి నుంచి ఇంకోచోటికి కదలడం గురించిన సబ్జెక్టు) అంటే డిస్టిలేషన్, అబ్సార్ప్షన్ అనుకొని వాటిమీదే పడ్డా. డిఫ్యూజన్‌దేముంది (తిప్పకుండా పదార్థం దానంతటదే ద్రవంలో పాకడం), రెండు ఫార్ములాలేగా అని వదిలేశా. ఆ రెండు ఫార్ములాలే కొంప ముంచాయి. క్వాలిఫై కాలేదు.

రెండోసారి మొదలుపెట్టిన కొత్తలో ఒక మాక్ టెస్ట్‌లో లెక్క వచ్చింది. ఒక ఆర్గానిక్ పదార్థం 25 డిగ్రీల దగ్గర నీళ్లలో కన్నా మెథనాల్‌లో ఎన్ని రెట్లు వేగంగా డిఫ్యూజ్ అవుతుంది? ద్రవంలో డిఫ్యూజన్ వేగాన్ని అంచనా వేసే విల్కీ-చాంగ్ సూత్రం (1955 నాటిది) వాడమన్నాడు. నాకు 1.41 వచ్చింది. కీలో 1.88. గంటసేపు కీ తప్పనే వాదించుకున్నా.

తప్పు నాదే. ఆ సూత్రంలో వర్గమూలం కింద ఉండే అణుభారం కరిగించే ద్రవానిది. నేను కరిగే పదార్థానిది వేశా, అది రెండు చోట్లా ఒకటే కాబట్టి కొట్టేసుకుపోయింది. కరిగేదాని వాటా మోలార్ వాల్యూమ్ (ఒక మోల్ పట్టే చోటు) ఒక్కటే, దానిమీద 0.6 ఘాతం. అసోసియేషన్ ఫ్యాక్టర్ (ద్రవం అణువులు ఒకదాన్నొకటి ఎంత పట్టుకుంటాయో లెక్కలోకి తెచ్చే సంఖ్య) కూడా ద్రవానిదే: నీళ్లకు 2.6, మెథనాల్‌కు 1.9, ఇథనాల్‌కు 1.5, బెంజీన్ లాంటివాటికి 1. మెథనాల్‌కి 1.9 ఇంటూ 32, నీళ్లకి 2.6 ఇంటూ 18. ఆ నిష్పత్తి వర్గమూలం 1.14. విస్కాసిటీలు (చిక్కదనం) నీళ్లకు 0.89, మెథనాల్‌కు 0.54 సెంటీపాయిజ్ కాబట్టి ఇంకో 1.65. రెండూ గుణిస్తే 1.88. ద్రవం తరఫున విస్కాసిటీని ఒక్కదాన్నే చూసే స్టోక్స్-ఐన్‌స్టీన్ సూత్రం మాత్రమే పట్టుకుంటే 1.65 దగ్గరే ఆగిపోతాం. ప్రశ్నలో ఏ సూత్రం అడిగాడో చూడకుండా పెన్ను పెట్టొద్దు.

లెక్క కుదిరినా విషయం మనసుకు ఎక్కలేదు. సుక్రోజ్‌కి (అంటే చక్కెరకి) నీళ్లలో డిఫ్యూజన్ కోఎఫిషెంట్ సెకనుకు 0.52×10⁻⁹ చదరపు మీటర్లు. పట్టే టైమ్ దూరం వర్గం బై రెండు డి (డి అంటే ఆ కోఎఫిషెంటే) అని వేస్తే, ఒక్క సెంటీమీటర్‌కి దాదాపు 27 గంటలు! నమ్మబుద్ధి కాలేదు. రాత్రి గాజు గ్లాసు అడుగున పటిక బెల్లం ముక్క పెట్టి, కదలకుండా మెల్లగా నీళ్లు పోసి, కిటికీలో ఉంచా. పొద్దున్నే పైనుంచి చెంచాతో తీసి రుచి చూస్తే వట్టి నీళ్లే. మా అమ్మ చూసి, "ఏం అబ్బయా, గరిటెతో ఒక తిప్పు తిప్పితే పోయేదానికి రాత్రంతా కాపలా ఏంది?" అంది. చాప్టర్ మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. పది సెంటీమీటర్ల గ్లాసుకి టైమ్ పది రెట్లు కాదు, వంద రెట్లు. అంటే దగ్గర దగ్గర 110 రోజులు.

పటిక బెల్లమే ఎందుకంటారా? చక్కెర కరిగిన నీళ్లు బరువు, అడుగునే ఉంటాయి. సిరా చుక్క పైనుంచి వేస్తే నిమిషంలో కిందికి దారాల్లా దిగుతుంది. దాన్ని చూపించి డిఫ్యూజన్ అని చెప్పేవాళ్లు చాలామంది, కానీ దిగేది బరువు వల్ల, అది కన్వెక్షన్.

టెంపరేచర్ లెక్కల్లో ఇంకో బోల్తా. డిఫ్యూజన్ కోఎఫిషెంట్ కెల్విన్ టెంపరేచర్ బై విస్కాసిటీని బట్టి మారుతుంది. నీళ్లు 20 నుంచి 30 డిగ్రీలకు పోతే కెల్విన్‌లో పెరిగేది మూడు శాతం పైచిలుకు. దాన్ని మాత్రమే వేసి ఊరుకుంటాం. విస్కాసిటీ 1.00 నుంచి 0.80కి పడిపోయిందని మరచిపోతాం. రెండూ కలిస్తే డిఫ్యూజన్‌లో పెరుగుదల 29 శాతం. మే నెలలో ఒంగోలులో రూమ్‌లో చదివినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

గ్లిజరిన్ లాంటి చిక్కటి ద్రవాల్లో మాత్రం స్టోక్స్-ఐన్‌స్టీన్‌ని గుడ్డిగా నమ్మకండి. చిన్న అణువులు అది చెప్పేదానికన్నా చురుగ్గానే కదులుతాయి.

యూనిట్లు: విల్కీ-చాంగ్‌లో 7.4×10⁻⁸ వాడితే విస్కాసిటీ సెంటీపాయిజ్‌లో, జవాబు చదరపు సెంటీమీటర్లలో. న్యూమరికల్ ఆన్సర్ ప్రశ్నలకు నెగెటివ్ లేదు, అయితే జవాబు పదివేల రెట్లు తేడా వస్తే మార్కూ లేదు.

రెండోసారి నెల్లూరు సెంటర్ పడింది. తెల్లారకముందే సింగరాయకొండలో రైలెక్కా. కావలి దాటేదాకా అసోసియేషన్ ఫ్యాక్టర్లే వల్లెవేశా. ఈసారి క్వాలిఫై అయ్యా. అమ్మకి చెబితే, "ఇంక ఆ గ్లాసు కడిగేయనా?" అంది.