ఎక్సెల్ బండి వెనకాల

ఆ రోజు కొండదారిలో బండి మీంచి మొత్తం మీద ఏడుసార్లు పడ్డాను. ఈ లెక్క నాది కాదు, మా మాస్టారిది. హైస్కూల్లో లెక్కలు చెప్తారు కాబట్టి కాదనలేం. ఎనిమిదోది కూడా ఉంది గానీ, అది బండి ఆపాక స్టాండు సరిగ్గా వెయ్యకపోతే పడింది. దాన్ని ఆయనే పెద్దమనసు చేసుకుని కొట్టేశారు.

మేం ముగ్గురం. మాస్టారిది 2011లో వచ్చిన హీరో ఇంపల్స్, 150 సీసీ. కంపెనీ దాన్ని ఎప్పుడో ఆపేసింది, ఆయన మాత్రం ఆపలేదు. నాదీ, కరెంటు సామాన్ల కొట్లో పనిచేసే మా చిన్నోడిదీ ఎక్స్‌పల్స్ 200 ఫోర్‌వీ. ముందు చక్రం 21 అంగుళాలు, కింద 220 మిల్లీమీటర్ల ఖాళీ, రాళ్ళ మీంచి పోవడానికే పుట్టిన బండి. చిక్కంతా దాని మీద కూర్చునే మనిషితోనే. నా ఎత్తు ఐదడుగుల ఐదంగుళాలు, సీటు ఎత్తు 825 మిల్లీమీటర్లు, బండి బరువు 158 కిలోలు. తారురోడ్డు మీద ఈ అంకెలు గుర్తుకే రావు. బురదలో బండి ఓ పక్కకి ఒరిగి, మునివేళ్ళు ఆనాల్సిన చోట గొయ్యి ఉన్నప్పుడు ఒక్కొక్కటే గుర్తొస్తాయి.

నాకు నలభై మూడేళ్ళు. విశాఖలో బ్యాంకు కౌంటర్లో ఉద్యోగం. రేసులూ కప్పులూ మనవల్ల కాదు. ఊరి బయట ప్లాట్లు అమ్ముడుపోని లేఅవుట్ ఒకటి ఉంది. ఆదివారం పొద్దున్నే వెళ్ళి అక్కడి సరిహద్దు రాళ్ళ చుట్టూ ఎనిమిది అంకె వేయడం, ఫుట్‌రెస్టుల మీద నిలబడి నడక వేగంతో బండి పడకుండా నడపడం, ఇదీ మా సాధన. జోరుగా పోవడం ఎవరికైనా వస్తుంది. మెల్లగా పోవడానికే నాకు రెండేళ్ళు పట్టింది, ఇంకా పడుతూనే ఉంది. ప్లాటు చూసుకోవడానికి వచ్చిన ఓ పెద్దాయన అరగంట నిలబడి చూసి, “బండి ట్రయలా బాబూ? కొనకండి, ఎక్కడా కుదురుగా నిలబడట్లేదు” అని సలహా చెప్పి వెళ్ళాడు.

నవంబరులో రెండో శనివారం, అంటే బ్యాంకు సెలవు, తెల్లారుజామున మూడున్నరకి బయల్దేరాం. అనకాపల్లి మీదుగా నర్సీపట్నం చేరేసరికి చీకటి విడుతోంది. టీ కొట్టు దగ్గర చిన్నోడు డకార్ ర్యాలీ గురించి, అదే ఎడారుల్లో జరిగే ఆ పెద్ద మోటారు పందెం గురించి, మొదలుపెట్టాడు. వాడికి అది నోటికొచ్చిన పద్యం. 2015లో సి.ఎస్. సంతోష్ ఆ ర్యాలీ పూర్తిచేసిన మొదటి భారతీయుడు, 36వ స్థానం. 2024లో సౌదీ ఇసకలో హరిత్ నోవా మొత్తంమీద 11వ స్థానంలో వచ్చి ర్యాలీ-2 అనే రెండో తరగతి గెలిచాడు. “రోజుకి వందల కిలోమీటర్లన్నా, రెండు వారాలు!” అన్నాడు. ఆ వందల కిలోమీటర్ల మాట మధ్యాహ్నం దాకా నన్ను వదల్లేదు. ఎందుకంటే మేం ఆ రోజు కొండదారిలో పోవాల్సింది తొమ్మిది కిలోమీటర్లు, పట్టింది రెండు గంటల నలభై నిమిషాలు.

నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాట్ ఎక్కుతుంటే చలి మెల్లగా చేతి తొడుగుల్లోకి దిగింది. ఇప్పుడు పర్యాటకుల కార్లు పరిగెత్తే ఈ దారి వెనక ఓ కథ ఉంది. ఇక్కడ రోడ్డు పని చేయించిన గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యం జనానికి కూలి సరిగా ఇవ్వలేదు. ఆ మంట కూడా కలిసే 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడింది. మాస్టారు ప్రతిసారీ ఇది చెప్తారు. ప్రతిసారీ అదే మలుపులో, బండి ఆపి మరీ.

చింతపల్లిలో ఇడ్లీ తిని, తారు అయిపోయేచోట ఆగాం. ఏ ఊరి దారో రాయను. రాస్తే వచ్చే వారానికి నలభై బళ్ళు దిగుతాయి, అందులో సగానికి సైలెన్సర్ ఊడబీకి ఉంటుంది. అలాంటి మోతకి ఊళ్ళో మేకలు బెదిరి పరిగెత్తడం ఒకసారి చూశాను. ఆ రోజు నుంచి నాకు ఆ బాపతు మీద మర్యాద పోయింది. మేం రిజర్వు ఫారెస్టులోకి పోం, పంట చేనులోంచి పోం. ఊరికీ ఊరికీ మధ్య జనం నడిచే బండిదారే చాలు, అదే మా ఎముకలకి ఎక్కువ.

టైర్లలో గాలి 20 పీఎస్‌ఐకి దింపాం. గాలి తగ్గితే టైరు వెడల్పై నేలని పట్టుకుంటుంది. మరీ తగ్గితే రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి చిరుగుతుంది. బూట్లు, మోకాళ్ళ కవచాలు, ఛాతీకి ఆర్మర్. అన్నీ తొడుక్కునేసరికి చిన్నోడు పౌరాణిక నాటకంలో వేషంకట్టినట్టున్నాడు.

దారికి రెండు పక్కలా సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి చుట్టుకున్న మిరియాల తీగలు, నీడలో కాఫీ మొక్కలు. కాయలు అప్పుడే ఎర్రబడుతున్నాయి. ఎడంపక్క వాలులో వలిసె పూలు పచ్చగా విరగబూశాయి. ఇదంతా వచ్చేటప్పుడు చూశాను. వెళ్ళేటప్పుడు నాకు కనపడింది ముందు చక్రానికి పది అడుగుల దూరంలో ఉన్న రాయి మాత్రమే. అదే తప్పు. ఏ రాయిని తప్పించుకుందామని కళ్ళార్పకుండా చూస్తామో, చక్రం పెళ్ళిపిలుపు అందినట్టు సరిగ్గా దాని మీదికే పోతుంది. చూపు దూరంగా పెట్టాలి, మోకాళ్ళతో ట్యాంకుని బిగించాలి, హ్యాండిల్ని మాత్రం వదులుగా పట్టుకోవాలి. నేను అన్నీ తలకిందులుగా చేశాను. కిలోమీటరు పోయేసరికి ముంజేతులు కర్రల్లా బిగుసుకుపోయాయి. క్లచ్ మీద రెండు వేళ్ళు ఉంచితే మూడోది తనంతట తానే వణుకుతోంది.

మొదటి నాలుగు పడటాలూ ఒక్క ఎత్తులోనే. రాళ్ళు తేలిన నిటారు వాలు, మధ్యలో వానకి కోసుకుపోయిన గాడి. రెండో గేరులో ఊపుతో ఎక్కాలి, నడుమ భయపడి యాక్సిలరేటర్ వదలకూడదు. వదిలాను. ఎత్తు మధ్యలో బండి ఆగితే ముందు బ్రేకు ఒక్కటే ఆపలేదు, చక్రం లాక్ అయి వెనక్కి జారుతూనే ఉంటుంది. గేరులోనే ఉంచి, ఇంజన్ ఆపి, బండిని కావాలనే కొండవైపుకి మెల్లగా పడుకోబెట్టి, హ్యాండిల్ కిందకి తిరిగేలా నేలమీదే తిప్పుకుని, మళ్ళీ లేపి దిగాలి. లేఅవుట్‌లో చదునైన నేలమీద ఇది బ్రహ్మాండంగా చేశాను. ఇక్కడ మూడుసార్లు బండి తనంతట తానే పడుకుంది, అదీ లోయవైపుకి.

నాలుగోసారి లేపుతుండగా వెనక నుంచి టుర్రుమని చప్పుడు. పాత టీవీఎస్ ఎక్సెల్. నడుపుతున్నాయనకి యాభై ఉంటాయి, లుంగీ, కాళ్ళకి హవాయి చెప్పులు. ముందు ఖాళీలో కోటా బియ్యం బస్తా, వెనక ఓ కుర్రాడు, కుర్రాడి ఒళ్ళో ఇనప బకెట్టు. నా పక్కగా, గాడి అంచున జానెడు వెడల్పు గట్టినేల మీంచి, ఎత్తు మొదట్లో కుర్రాణ్ణి దింపి, బస్తాని దింపకుండా, ఒక కాలు నేల మీద తన్నుకుంటూ పైకి ఎక్కేశాడు. పైన ఆగి వెనక్కి చూశాడు.

“బూట్లెంత పడ్డాయి బాబూ?”

నిజం చెప్పాను. ఇంట్లో చెప్పిన రేటు కాదు.

“నా బండి అంతకే కొన్నాను, సెకండేండు,” అన్నాడు. వెటకారమేం లేదు, ధర పోల్చుకున్నాడంతే.

అక్కణ్ణుంచి ఆయన వెనకాలే పోయాం. ఆయన ఎక్కడా తిన్నగా పోడు. దారి ఈ చివర్నుంచి ఆ చివరికి, రాయి వెనక తిరిగి, వేరు మీద ఎక్కకుండా, పదేళ్ళుగా తొక్కిన గీత మీదే పోతాడు. ఆ గీత మీద చక్రం పెడితే నా బండీ నోరుమూసుకుని నడిచింది. ఆయన చక్రం వైపు చూస్తూ పోతున్నాను కాబట్టి నా చూపు కూడా దూరంగానే ఉంది. అరగంటలో ఒక్కసారే పడ్డాను.

తర్వాత గెడ్డ, అంటే కొండవాగు, వచ్చింది. మోకాలి లోతు, చల్లగా, అడుగున రాళ్ళు. ఆయన పది గజాలు పైకి పోయి అక్కడ దాటాడు. నాకెందుకో ఎదురుగా ఉన్నదే దగ్గరనిపించింది. ముందు నడిచి చూడాలన్న పాఠం నేనే చిన్నోడికి వందసార్లు చెప్పుంటాను. సగంలో ముందు చక్రం గుండంలో దిగింది. బండి పక్కకి పడిపోయింది, ఇంజన్ గుడగుడమని ఆగింది. ఎలాగో నిలబెట్టి, సెల్ఫ్ మీద బొటనవేలు పెట్టానో లేదో, ఒడ్డు నుంచి మాస్టారు అరిచారు. క్లాసులో కూడా అంత గట్టిగా అరిచి ఉండరు.

“నొక్కకు!”

సిలిండర్లోకి నీళ్ళు పోయి ఉంటే, నీళ్ళు గాలిలాగా నలగవు. అలాగే స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది, తర్వాత ఇంజన్ మొత్తం విప్పడమే. ఒడ్డుకి తోసి, సీటు కింద ఎయిర్ ఫిల్టర్ చూస్తే తడి గుడ్డలా ఉంది. ప్లగ్ పానా నా చేతిలోంచి ఎక్సెల్ ఆయన తీసుకున్నాడు. ప్లగ్ విప్పి, వాసన చూసి, లుంగీ అంచుతో తుడిచి, ఊది, చొక్కా జేబులో వేసుకున్నాడు. “ఐదో గేరులో ఎయ్యి,” అన్నాడు. నలుగురం కలిసి తోశాం. ప్లగ్ రంధ్రంలోంచి నీళ్ళు పిచికారీలా చిమ్మి కుర్రాడి మొహాన పడ్డాయి. వాడు పడీపడీ నవ్వాడు. మళ్ళీ తోశాం. మూడోసారికి ఉత్త గాలే వచ్చింది. ఫిల్టర్ని ఎండలో బండ మీద ఆరబెట్టి, బ్రెడ్డూ అరటిపళ్ళూ పంచుకుని కూర్చున్నాం. నలభై నిమిషాల తర్వాత రెండుసార్లు దగ్గి స్టార్టయింది. వెనకనుంచి తెల్లటి ఆవిరి.

ఊళ్ళో ఆయన ఇంటి ముందు టార్పాలిన్ మీద రాజ్మా ఆరబోసి ఉంది. వాళ్ళావిడ గ్లాసుల్లో నల్ల కాఫీ ఇచ్చింది, బెల్లంతో. డబ్బులివ్వబోతే ఊరుకోలేదు. చివరికి రెండు కిలోల రాజ్మా కొనుక్కున్నాం. తిరుగుదారిలో ఒకసారే పడ్డాను, ఆ ఒకసారీ వలిసె పూలు చూస్తూ. రాత్రి చింతపల్లి లాడ్జిలో పడుకుని ఆదివారం మధ్యాహ్నానికి ఇల్లు చేరాం.

సోమవారం కౌంటర్లో కూర్చుంటే కుడిచెయ్యి పిడికిలి పడలేదు. స్టాంపు రెండుసార్లు జారింది. పెన్షన్ కోసం వచ్చిన ముసలమ్మ అద్దం కింద నుంచి చూసి అడిగింది.

“సెయ్యికేటైంది బాబూ?”

“బండి మీంచి పడ్డానమ్మా.”

“సూసుకుని ఎల్లాలి నాయనా,” అంది పాస్‌బుక్కు సంచిలో పెట్టుకుంటూ. “అసలే రోడ్లు బాగోవు.”