విలీనంలో సీనియారిటీ జాబితా సరిచూడటం: నా అనుభవం

శ్రీకాకుళం కేంద్రంగా ఉన్న శ్రీ విశాఖ గ్రామీణ బ్యాంకు 2006లో మరో నాలుగింటితో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు అయింది. 2025 మే 1న రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులూ ఒక్కటయ్యాయి. మా జిల్లాలో పాత ఉద్యోగులు ఒకే సర్వీసులో రెండుసార్లు విలీనం చూశారన్నమాట. విలీనంలో అన్ని బ్యాంకుల వాళ్లనీ ఒకే వరుసలో పెట్టే సీనియారిటీ జాబితాలో టెక్కలి, పాలకొండ వైపు వాళ్ల పేర్లు సరిచూసే పని నాకు పడింది. అందులో తెలిసినవి రాస్తున్నాను.

విలీనమైన రోజుకి ఎవరు ఏ స్కేల్లో (ఆఫీసరు హోదాలో) ఉన్నారన్నదే లెక్క. ఆ తర్వాతొచ్చిన ప్రమోషన్ చూడకూడదు. ఏ బ్యాంకు లోపలి వరుసా చెదరకూడదు. ఈ రెండింటి దగ్గరా పెద్దగా పేచీ రాదు.

పేచీ అంతా వరుసలు కలిపే చోట. స్కేల్లోకి వచ్చిన తేదీ ప్రకారం పెట్టేస్తే సరిపోతుందంటారు. స్కేల్-2లో పెద్ద బ్యాంకుకి 200 మంది, చిన్నదానికి 50 మంది ఉన్నారనుకోండి. చిన్న బ్యాంకులో ప్రమోషన్లు ఆగి ఆగి వచ్చాయి, పదో ఆయనకి 2019లో వచ్చింది. అప్పటికే పెద్ద బ్యాంకులో 160 మందికి వచ్చేశాయి. తేదీ పట్టుకుంటే ఆయన 170వ చోట పడతాడు. సొంత బ్యాంకులో పై 20 శాతంలో ఉన్న మనిషి 68 శాతానికి దిగిపోయాడు. పెద్ద బ్యాంకు నలుగురికి చిన్నదాని నుంచి ఒకరు చొప్పున కలిపితే 50వ చోటు, అంటే పాత 20 శాతమే. కానీ అప్పుడు పెద్ద బ్యాంకులో 2017లోనే ప్రమోషనొచ్చిన 120వ ఆయనకి పైన, 2021లో వచ్చిన చిన్న బ్యాంకు 29వ ఆయన కూర్చుంటాడు. ఇదీ అన్యాయమే. అందుకే రెండు కొలతలూ కలపాలంటాను. దేనికెంత వెయిటేజీ అన్నది పేర్లు బయటికి రాకముందే రాసుకుని సంతకాలు పెట్టాలి. పేర్లు చూశాక ఎవరికి వాళ్లు తమకి కలిసొచ్చే లెక్కే పట్టుకుంటారు.

విమాన సంస్థలు కలిసినా ఇదే పేచీ. పైలట్లకైతే సీటు, విమానం, జీతం అన్నీ సీనియారిటీ నంబరు మీదే. అమెరికాలో 2005లో అమెరికా వెస్ట్, యూఎస్ ఎయిర్‌వేస్ అనే విమాన సంస్థలు కలిశాక, 2007లో మధ్యవర్తి జార్జ్ నికొలావ్ చేరిన తేదీ వరుసని ఒప్పుకోలేదు. లేఆఫ్‌లో ఉన్న యూఎస్ ఎయిర్‌వేస్ పైలట్లని, ఎంత సర్వీసున్నా, అడుగున పెట్టారు. విలీనం నాటికి చేతిలో ఉన్న ఉద్యోగమే ఆయనకి కొలత. వాళ్లు ఎదురు తిరిగారు, ఆ జాబితా యూఎస్ ఎయిర్‌వేస్‌లో అమల్లోకి రానేలేదు.

ఇక తప్పులు. అన్నిటికంటే దొంగది తేదీ. ఎక్సెల్‌లో 04-07 అంటే ఏప్రిల్ ఏడా, జూలై నాలుగా? రోజు 12 దాటితే తారుమారు కాదు. 12 లోపు రోజున్న ప్రతి తేదీనీ సర్వీసు రిజిస్టరుతో పోల్చి తీరాలి. ప్రమోషన్ ఆర్డరు తేదీ ఒకటి, అమలు తేదీ ఇంకొకటి ఉంటుంది, కాలమ్‌లో ఏది ఎక్కిందో చూడాలి. ఒకే బ్యాచ్‌లో గడువు అడిగి ఆలస్యంగా చేరినవాళ్ల విషయంలో మెరిట్ ర్యాంకు ముందా, చేరిన తేదీ ముందా అన్నది పాత బ్యాంకు రూలే చెప్పాలి.

తాత్కాలిక జాబితా రాగానే అభ్యంతరం ఒక్క పేజీలో రాయండి: సీరియల్ నంబరు, ఎవరి కింద ఎవరి పైన ఉండాలి, ఏ ఆధారంతో. రిజిస్టరు పేజీ, ప్రమోషన్ ఆర్డరు జిరాక్సులు జతచేయండి. "నాకు అన్యాయం జరిగింది" అని మాత్రమే రాస్తే పక్కన పడేస్తారు. ఇన్‌వర్డ్ నంబరు (కాగితం అందినట్టు ఆఫీసు వేసే నంబరు) తీసుకోకుండా కదలకండి. తుది జాబితా మీద ప్రమోషన్లు జరిగిపోయి ఏళ్లు గడిస్తే, స్థిరపడిన సీనియారిటీని కదపడానికి కోర్టులు కూడా సాధారణంగా ఒప్పుకోవు.