ఎనిమిది పలకలు, పదిన్నర రోజులు

సెలవు మీద సోంపేట వచ్చి వారమైంది. జీతం కోశారన్న సంగతి నేను ఫోన్లో చెప్పలేదు గానీ అమ్మకి ఎలాగో తెలిసిపోయింది. "ఏటిరా, మిషన్లో ఏటి తుడిపేసావు?" అని వచ్చిన రోజే పట్టుకుంది. నేను తుడపలేదమ్మా, అదే తుడుచుకుంది అంటే ఎవరు నమ్ముతారు? కువైట్‌లో మా సూపర్‌వైజరూ నమ్మలేదు.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా కొబ్బరి చెట్లను పడగొట్టాక వెళ్లినవాణ్ణి. కోల్డ్ స్టోర్‌లో పని. చేపల గది మైనస్ 18 దగ్గర ఉండాలి, ఉందో లేదో రాసిపెట్టడానికి గోడకి అరచేతిలో పట్టేంత డేటా లాగర్ ఒకటి.

దాని మెమరీ 32 కేబీ, అంటే 32,768 బైట్లు. ఫోన్లో ఒక్క ఫొటోకే చాలదు గానీ, ఒక రీడింగ్‌కి 2 బైట్లే కాబట్టి 16,384 రీడింగులు పడతాయి. చుక్క కూడా రాయదు, మైనస్ 18.5 ని మైనస్ 185 అని పెట్టుకుంటుంది, చదివేటప్పుడు పదితో భాగించుకోవాలి. ప్రతిదాని పక్కన టైమూ ఉండదు. ఎప్పుడు మొదలెట్టాం, ఎన్ని నిమిషాలకోసారి అన్నది ఒకచోట రాసుకుంటే మిగతాదంతా లెక్కే, పాల లెక్కకి అమ్మ గోడమీద గీతలు పెట్టినట్టు.

పది నిమిషాలకోసారి రాస్తే 113 రోజులు వస్తుంది. మా సూపర్‌వైజర్‌కి అది చాలలేదు, నిమిషానికోసారి పెట్టమన్నాడు. పెట్టాను. 113 కాస్తా 11 అయింది. నిండాక ఆగిపోవాలా, మొదటికొచ్చి పాతవాటి మీద రాయాలా అని అడిగే సెట్టింగ్‌లో రెండోదే ఉంది, అది నేను పెట్టింది కాదు.

ఒక రాత్రి గది తలుపు సరిగ్గా పడలేదు. సరుకు తీసుకున్నవాళ్లు ఆ రాత్రి రీడింగులు అడిగేసరికి పదిన్నర రోజులైంది. పదకొండు రోజులుంటాయి కదా అని నేను ధీమాగా దించి చూస్తే, ఆ రాత్రి లేదు. ఆ ముందురోజులూ లేవు.

ఎందుకో నాకు తర్వాత తెలిసింది, అమ్మకి మేనల్లుడి పలక తెచ్చి చూపించాను. ఇందులో బలపంతో ఒక్కో అక్షరం రాసుకుంటూ పోవచ్చు, తుడవాలంటే మాత్రం పలకంతా తుడవాలి అనుకో. లాగర్‌లో ఉండే ఫ్లాష్ మెమరీ అంతే, రాసిన ఒక్క రీడింగ్‌ని చెరిపి అక్కడే ఇంకోటి రాయడం కుదరదు. మా లాగర్‌లో 4 కేబీల పలకలు ఎనిమిది. ఎనిమిదోది నిండగానే మొదటి పలక మొత్తం తుడిచి అక్కడ రాయడం మొదలెడుతుంది. ఒక్కో పలకకి 2,048 రీడింగులు, అంటే నిమిషానికొకటి చొప్పున 34 గంటల లెక్క ఒక్క దెబ్బకి పోతుంది. అట్టపెట్టె మీద 11 రోజులని ఉన్నా, తుడిచిన మరుక్షణం చూస్తే పది రోజులు కూడా నిండుగా ఉండవు. నాది సరిగ్గా ఆ సందులో పడింది.

"మరి ఈ పలక ముచ్చట ఆళ్లకి సెప్పలేదా?" అంది అమ్మ. చెప్పానమ్మా, హిందీలో చెప్పాను. పలక అన్న మాటకి హిందీ తట్టలేదు.

ఆ తర్వాత ఐదు నిమిషాలకి మార్పించి, సెలవుకి వచ్చేదాకా ప్రతి శుక్రవారం నా డ్యూటీ కాకపోయినా వెళ్లి రీడింగులు దించి పెన్‌డ్రైవ్‌లో పెట్టాను. కోసిన పదిహేను రోజుల జీతం ఇంకా రాలేదు.