త్రిపురాంతకం నుంచి శ్రీశైలానికి, తెల్లగీత మీద

శ్రీశైలానికి నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలని చెబుతారు. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమర అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. బస్సెక్కి పోయేవాళ్లకు వీటితో పనిలేదు. నడిచేవాళ్లకు, అందులోనూ మా ప్రకాశం వాళ్లకు, త్రిపురాంతకంలో కొబ్బరికాయ కొట్టకుండా బయల్దేరాలంటే మనసొప్పదు. శివరాత్రి ముందు మా గుంపూ అక్కడినుంచే కదిలింది. కొండమీద త్రిపురాంతకేశ్వరుణ్ణి చూసుకుని, కిందికి దిగి చెరువు మధ్యలో ఉన్న బాలాత్రిపురసుందరి అమ్మవారికి మొక్కి, ఎర్రగొండపాలెం రోడ్డు పట్టాం. గుంపులో సగం మంది శివమాల వేసుకున్నవాళ్లు. నాకు మాల లేదు, అయినా దారిలో అందరికీ నేనూ 'స్వామి'నే.

పొద్దున పది దాటిందంటే తారురోడ్డు పగబడుతుంది. చెప్పుల్లేని వాళ్లంతా రోడ్డు అంచున గీసిన తెల్లగీత మీదికి చేరతారు. నలుపు మీద కాలినంతగా తెలుపు మీద కాలదు మరి. జానెడు వెడల్పు కూడా ఉండని ఆ గీత మీద ఒకరి వెనక ఒకరం, లారీ పక్కనుంచి పోయినప్పుడల్లా ఊపిరి బిగబట్టి నడిచాం. గీత చెరిగిపోయిన చోట పరుగే. రాత్రి మకాంలో బొబ్బల వైద్యం. సూదికి దారం ఎక్కించి, బొబ్బను ఈ పక్కనుంచి ఆ పక్కకు గుచ్చి, దారాన్ని అందులోనే వదిలేస్తారు. నీరు దారం వెంబడి మెల్లగా దిగిపోతుంది, తోలు ఊడదు. ఏటా నడిచే పెద్దస్వామి నా మడమకు ఆ పని చేస్తూ, "అరవమాకు స్వామీ, ఇంకా ఘాటే ఎక్కలా" అన్నాడు.

అటువైపు ఆ రోజుల్లో ఎక్కడ చూసినా మిరప కల్లాలే. గాలి ఇటు తిరిగితే చాలు, నమశ్శివాయ అనబోయి తుమ్ముతాం. ఒక కల్లంలో ఆడవాళ్లు వరసగా కూర్చుని తాలుకాయ ఏరుతున్నారు. తెల్లబారింది ఒకవైపు, ఎర్రటిది ఇంకోవైపు. కళ్లు మా మీద, వేళ్లు కాయల మీద. వాళ్లలో ఒక పెద్దామె లేచొచ్చి నీళ్లక్యాన్ చూపించింది. "నా చేత్తో ఇస్తే మంట పుడతది, మీరే ముంచుకోండి నాయనా" అంది.

ఆ క్యాన్ కొన్నదే. పశ్చిమ ప్రకాశంలో బోరునీళ్ల నిండా ఫ్లోరైడ్. పళ్ల మీద గారలు, నడివయసుకే పట్టేసిన మోకాళ్లు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తాయి. అందుకే కూలికి పోయేవాళ్లు కూడా తాగేనీళ్లు డబ్బులిచ్చి కొనుక్కుంటారు. మేమంతా తాగేసరికి క్యాన్ సగానికి వచ్చింది. "సాయంత్రం దాకా మీకెట్లా?" అంటే, "రైతునడిగి ఇంకోటి తెప్పిస్తాంలే, తాగండి" అని మళ్లీ కాయల దగ్గర కూర్చుంది.

శ్రీశైలం జలాశయం నీళ్లను నల్లమల కింద 18 కిలోమీటర్లకు పైగా పొడవున్న సొరంగాల్లో దోర్నాల వైపు తెచ్చే వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. దోర్నాల టీకొట్టులో ఆ మాట ఎత్తితే పక్క బెంచీ మీదాయన గ్లాసు పక్కన పెట్టి, "మీరు నీళ్లున్న కాడికి నడిచి పోతున్నారు. ఆ నీళ్లు మా కాడికి నడిచి రావటానికే ఇన్నేళ్లు" అన్నాడు. అక్కడే ఒక అన్నదానం పందిట్లో డీజే పెట్టి చెవులు చిల్లులు పడేలా మోగిస్తున్నారు. పులిహోర మాత్రం బాగుంది, రెండోసారి వేయించుకున్నాను.

దోర్నాల నుంచి శ్రీశైలం సుమారు 50 కిలోమీటర్లు, అంతా పులుల అభయారణ్యం. రాత్రి తొమ్మిది దాటితే గేటు వేసి బండ్లు ఆపేస్తారు. అడవిలోకి ప్లాస్టిక్ తేవద్దని బోర్డులున్నాయి, ఆ బోర్డుల కిందే ఖాళీ వాటర్ ప్యాకెట్లూ ఉన్నాయి. మాల వేసుకున్న చేత్తోనే విసిరేస్తున్నారు, చెబితే కోపాలు.

తుమ్మలబైలు దాటాక చెట్టు కింద ఒక చెంచు ముసలాయన పాత సీసాల్లో తేనె పెట్టుకుని కూర్చున్నాడు. మల్లన్న చెంచుపిల్లను మనువాడాడని, ఆయన తమ అల్లుడని చెంచులు చెప్పుకుంటారు. తేనె తీసుకుంటూ, "నువ్వేం మొక్కుకుంటావు తాతా?" అని అడిగాను. "మేం మొక్కం సామీ, అడుగుతాం. అల్లుడు గదా" అన్నాడు, చిల్లర లెక్కపెడుతూ.

ఘాట్‌లో నాతో కలిసి నడిచింది చీరాల వైపు నేతపని చేసే స్వామి. శివరాత్రి నాటి పాగా గురించి చెప్పుకొచ్చాడు. రోజుకో మూర చొప్పున ఏడాదంతా నేసిన 365 మూరల గుడ్డ అది. ఆ రాత్రి గుడి దీపాలన్నీ ఆర్పేసి, చీకట్లో, ఒంటిమీద నూలుపోగు లేకుండా గర్భాలయ శిఖరం నుంచి ముందున్న మంటపం మీది నందుల దాకా చుడతారు. "మా పేటలో మగ్గాలు చాలావరకు మూలపడ్డయి స్వామీ. ఈ గుడ్డ నేసే మగ్గం మాత్రం ఆగలా" అన్నాడు. ఆ తర్వాత రెండు మలుపుల దాకా ఏమీ మాట్లాడలేదు. మాట్లాడే ఓపిక నాకూ లేదు.

శ్రీశైలం ముందొచ్చే శిఖరేశ్వరం కొండ దగ్గర పెద్ద క్యూ. అక్కడున్న నందికి నువ్వులు పోసి తిప్పి, దాని కొమ్ముల మధ్యనుంచి చూస్తే మల్లన్న గుడి శిఖరం కనపడాలి. కనపడితే మళ్లీ జన్మ లేదంటారు. నా ముందున్న అవ్వ ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది. "కనపడిందా అవ్వా?" అన్నాడు మనవడు. "ఏందో తెల్లగా ఉంది." "అదే, అదే. జరుగు, వెనక జనం ఉన్నారు."

నా వంతు వచ్చింది. ఎండమసకలో చెట్లు తప్ప ఇంకేమీ కనపడలేదు. "కనపడిందని చెప్పు స్వామీ, లేకపోతే మళ్లీ పుట్టి మళ్లీ నడవాలి" అన్నాడు పెద్దస్వామి చెవిలో. కనపడలేదనే చెప్పాను.