అడ్మిషన్ సైట్ మొరాయిస్తే: మళ్ళీ సబ్మిట్ కొట్టే ముందు

అప్లికేషన్ మధ్యలో సైట్ ఆగిపోతే చాలామంది అదే బటన్‌ని టకటకా నొక్కుతూ పోతారు. సగం చిక్కులు అక్కడే మొదలవుతాయి. లోపం మనవైపు ఉందా, సర్వర్ వైపు ఉందా అన్నది ముందు తేల్చుకోవాలి.

తెరమీద 500, 502, 503, 504 అనే ఎర్రర్ నంబర్లలో ఏదైనా కనిపిస్తే లోపం అవతలివైపే. కంప్యూటర్ రీస్టార్ట్ చేసినా, బ్రౌజర్ మార్చినా ఒరిగేదేమీ లేదు, కాసేపు ఆగాల్సిందే. వీటిలో 504తో మాత్రం జాగ్రత్త. జవాబు సకాలంలో తిరిగి రాలేదని మాత్రమే అది చెబుతుంది. మనం పంపిన ఫారం లోపల నమోదై ఉండొచ్చు కూడా. కాబట్టి మళ్ళీ సబ్మిట్ కొట్టకుండా, కొత్తగా లాగిన్ అయి స్టేటస్ చూడండి. 429 వస్తే తక్కువ సమయంలో మరీ ఎక్కువసార్లు నొక్కారని అర్థం, చేతులు కట్టుకుని కూర్చోవడమే మందు. 403 వస్తే, వీపీఎన్ వాడుతుంటే ఆపి చూడండి.

ఏ నంబరూ లేకుండా పేజీ ఖాళీగా వచ్చినా, బటన్ పనిచేయకపోయినా ఇన్‌కాగ్నిటో విండోలో తెరవండి. అక్కడ ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కి తగిలించుకున్న అదనపు ప్రోగ్రాములు) మామూలుగా ఆగి ఉంటాయి, పాత కుకీలూ (సైట్లు మన బ్రౌజర్‌లో దాచుకునే చిన్న సమాచారం) ఉండవు. అందులో బాగా నడిస్తే దోషం చాలావరకు ఆ రెండింటిలో ఒకదానిదే. అంతమాత్రాన బ్రౌజర్ హిస్టరీ మొత్తం తుడిచేయక్కర్లేదు. అడ్రస్ బార్‌లో ఎడమ చివరనున్న గుర్తు నొక్కి, ఆ ఒక్క సైట్ డేటా తీసేస్తే చాలు. బ్రౌజర్ తనంతట తాను పేజీని అనువదిస్తుంటే అదీ ఆపేయండి. దానివల్ల డ్రాప్‌డౌన్‌లు చెడిపోయే సందర్భాలున్నాయి.

లాగిన్ దానంతట అదే పోతోందంటే సాధారణంగా సెషన్ (ఒకసారి లాగిన్ అయ్యాక సైట్ మనల్ని గుర్తుపెట్టుకునే సమయం) గడువు ముగిసినట్టు. మీరు గంటసేపు టైప్ చేస్తూనే ఉన్నా చాలా సైట్లలో సర్వర్‌కి ఆ సంగతి తెలియదు. సేవ్ నొక్కితేనే మీరు ఉన్నట్టు లెక్క. వ్యాసాలేవైనా ఉంటే విడిగా రాసుకుని, కంట్రోల్, షిఫ్ట్, వి కలిపి నొక్కి ఫార్మాటింగ్ లేని ఉత్త అక్షరాలుగా అతికించండి. ఎడిటర్‌లో అక్షరాల లెక్క సరిపోయినా సైట్ ఎక్కువైందంటే, కొత్త లైన్ ఒక్కోదాన్ని అది రెండు అక్షరాలుగా లెక్కపెడుతోందేమో చూడండి. ఒకే బ్రౌజర్‌లో రెండు ట్యాబుల్లో ఇద్దరి అప్లికేషన్లు నింపడం అస్సలు వద్దు. రెండు ట్యాబులకీ సెషన్ ఒకటే కావడంతో ఒకరి వివరాలు మరొకరి ఫారంలో పడొచ్చు.

ఇక అప్‌లోడ్. 'ఇన్‌వాలిడ్ ఫైల్' అన్న ఒక్క ముక్క వెనక నాలుగైదు కారణాలు దాగి ఉంటాయి. ఐఫోన్ ఫొటోలు తరచూ హెచ్‌ఈఐసీ రకంలో ఉంటాయి. ఫైల్ పేరు చివర జేపీజీ అని మార్చినంత మాత్రాన అది జేపీజీ అయిపోదు. తెరిచి, ఆ ఫార్మాట్‌లో ఎగుమతి చేయాలి. కెమెరా సెట్టింగ్స్‌లో ఫార్మాట్స్ దగ్గర 'మోస్ట్ కంపాటిబుల్' పెట్టుకుంటే ఇకపై తీసే ఫొటోలకి ఈ బాధ ఉండదు. సైజు తగ్గించేటప్పుడు ముందు అనవసరమైన అంచులు కత్తిరించండి, తర్వాత పిక్సెల్స్ తగ్గించండి, క్వాలిటీ జోలికి చివర్న వెళ్ళండి. స్కాన్‌ని 300 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలన్న లెక్క) నుంచి 150కి దించితే పిక్సెల్స్ నాలుగో వంతుకి పడిపోతాయి. మార్కుల మెమోకి రంగులు అడగకపోతే గ్రేస్కేల్ చాలు. కనీస సైజు కూడా ఉందేమో చూసుకోండి. 50 నుంచి 100 కేబీ మధ్య ఉండాలన్నచోట 30 కేబీకి నొక్కేసిన ఫొటో కూడా తిరిగొస్తుంది. ఫైల్ పేరులో ఖాళీలు, బ్రాకెట్లు, అదనపు చుక్కలు ఉన్నా కొన్ని సైట్లు ఒప్పుకోవు. పాస్‌వర్డ్ ఉన్న పీడీఎఫ్‌ని తెరిచి, ప్రింట్‌లో 'సేవ్ యాజ్ పీడీఎఫ్' ఇస్తే తాళం పోతుంది. కానీ దానితోపాటే డిజిటల్ సంతకమూ పోతుంది. సంతకాన్ని సరిచూసే చోట ఈ చిట్కా పనికిరాదు.

ఓటీపీ రెండుసార్లు అడిగితే సాధారణంగా చివరిదే చెల్లుతుంది. ఆలస్యంగా వచ్చిన మొదటిది కొట్టి 'తప్పు' అనిపించుకోవడం మామూలే.

అందరినీ కంగారుపెట్టేది ఫీజు. ఖాతాలో డబ్బు కట్ అయింది, సైట్‌లో మాత్రం 'పెండింగ్'. బ్యాంకు పేజీ నుంచి సైట్‌కి తిరిగొచ్చే ఆ కొద్ది సెకన్లలో ట్యాబ్ మూసేసినా, నెట్ పోయినా ఇలాగే అవుతుంది. పేమెంట్ గేట్‌వే (సైట్‌కీ బ్యాంకుకీ మధ్య డబ్బు చెల్లింపు నడిపే సేవ) చాలాచోట్ల సర్వర్‌కి విడిగా కూడా కబురు పంపుతుంది కాబట్టి స్టేటస్ తర్వాత మారొచ్చు. ఈలోగా రెండోసారి కట్టకండి. 'వెరిఫై పేమెంట్' లాంటి బటన్ ఉంటే అది నొక్కండి, లావాదేవీ రిఫరెన్స్ నంబర్ రాసిపెట్టుకోండి. పేమెంట్ పేజీ అసలు తెరుచుకోకపోతే పాప్-అప్ బ్లాకర్‌ని అనుమానించండి.

గడువు విషయంలో లెక్కలోకి వచ్చేది సర్వర్ గడియారం, మీ ఫోన్‌ది కాదు. వేరే దేశపు యూనివర్సిటీ అయితే ఏ టైమ్ జోన్‌లో చెప్పారో చూడండి.

హెల్ప్‌డెస్క్‌కి 'సైట్ పనిచేయట్లేదు' అని రాస్తే 'కుకీలు తీసి చూడండి' అన్న జవాబే వస్తుంది. అప్లికేషన్ నంబర్, లోపం వచ్చిన తేదీ, సమయం, బ్రౌజర్ పేరు, వెర్షన్, తెరమీది సందేశం ఉన్నదున్నట్టు, అడ్రస్ బార్‌తో సహా స్క్రీన్‌షాట్ పంపండి. ఫీజు గొడవైతే రిఫరెన్స్ నంబర్, మొత్తం కూడా చేర్చండి. పాస్‌వర్డ్, ఓటీపీ మాత్రం ఎవరడిగినా ఇవ్వకండి.